ఇంట్లో పాట రికార్డింగ్‌కి తక్కువ ఖర్చులో ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? (విండోస్ లాప్‌టాప్, గాత్రం, వయొలిన్)

గోదారి_గాత్రం:

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. కర్ణాటక సంగీతం, లలిత గీతాలు పాడతాను, ఆదివారాలు చుట్టుపక్కల పిల్లలకి నేర్పిస్తాను. మావారు కీబోర్డు వాయిస్తారు. ఇద్దరం ఉద్యోగాలు చేసేవాళ్లమే, అందుకని రికార్డింగ్ ఏదైనా రాత్రి వంటిల్లు సర్దుకున్నాకే. ఇన్నాళ్లూ ఒక ఫోన్‌లో తంబూర ఆప్ పెట్టుకుని రెండో ఫోన్‌లో రికార్డు చేసేదాన్ని. అలా చేస్తే తంబూర ఎక్కువైనా గొంతు తక్కువైనా తర్వాత సరిచేసే దారి ఉండదు కదా, అందుకే ఇప్పుడు తంబూర వేరు, గొంతు వేరు, కీబోర్డు వేరుగా ట్రాకులు చేసుకోవాలని ఉంది. హైదరాబాద్‌లో ఉన్న నా స్నేహితురాలు వయొలిన్ వాయించి ఫైల్ పంపుతానంది, అది కూడా ఇందులో కలపాలి.

లాప్‌టాప్ ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్. యూఎస్‌బీ మైకు ఈమధ్యే కొన్నాను, దానికి హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం కూడా ఉంది. సాఫ్ట్‌వేర్‌కి ఆరు వేలు మించి పెట్టలేను. లాప్‌టాప్ బాగుచేసే షాపులో అడిగితే స్టూడియోలో వాడేదే క్రాక్ వెర్షన్ వేసిస్తాం, ఐదొందలు ఇవ్వండి అన్నారు, నాకు ఇష్టం లేదు. మా స్టూడెంట్ ఒకబ్బాయి ఎఫ్‌ఎల్ స్టూడియో అంటాడు, మావారి ఆఫీసులో ఒకాయన ఆడాసిటీ చాలు అంటారు. ఏది తీసుకోమంటారు? ఇంకో మాట, పాటలో గమకాలు చెడిపోకూడదు, అది నాకు అన్నిటికంటే ముఖ్యం.

మిశ్రచాపు:

క్రాక్ వద్దన్నారు, చాలా మంచి పని చేశారండీ. లైసెన్సు సంగతి అలా ఉంచినా, క్రాక్ ఫైళ్లతో పాటు ఏ వైరస్ వస్తుందో తెలీదు, బ్యాంకు పనులు కూడా ఆ లాప్‌టాప్‌లోనే చేసుకుంటారు కదా.

మీరు చెప్పిన పనికి నా ఓటు రీపర్‌కి. వినాంప్ అనే పాటల ప్లేయర్ తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెలే దీన్నీ మొదలుపెట్టాడు, కంపెనీ పేరు కాకోస్. ఇన్‌స్టాలర్ చాలా చిన్నది, ఐ3 మీద కూడా హాయిగా నడుస్తుంది. 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, ఆ రెండు నెలలూ ఏ సౌకర్యానికీ తాళం ఉండదు, ట్రాకుల సంఖ్యకి పరిమితి లేదు. తర్వాత వ్యక్తిగత వాడకానికి లైసెన్సు 60 డాలర్లు, అంటే మన డబ్బుల్లో ఐదు వేల పైచిలుకు, పన్ను ఎంత పడుతుందో కొనేటప్పుడు చూసుకోండి. సంగీతం మీద సంపాదన ఏడాదికి 20,000 డాలర్లు దాటిన వాళ్లకి మాత్రమే 225 డాలర్ల లైసెన్సు, పిల్లల ఫీజులతో మనం ఆ లెక్కలోకి రాం. ఒకసారి కొంటే రెండు పెద్ద వెర్షన్ల దాకా అదే పనిచేస్తుంది, నెలనెలా కట్టేది లేదు. గడువు అయిపోయాక కూడా తెరుచుకుంటుంది, కొనమని గుర్తుచేస్తుంది అంతే, అలాగని కొనకుండా ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఉన్నారు, దయచేసి అలా చేయకండి. ఇంత తక్కువ ధరకి ఇంత నిజాయితీగా అమ్మే సాఫ్ట్‌వేర్‌ని మనమే నిలబెట్టుకోవాలి.

లోటు కూడా చెప్తాను. ఇందులో వాయిద్యాల ధ్వనులు దాదాపు ఏమీ రావు. కీబోర్డు మీట నొక్కగానే లాప్‌టాప్‌లోంచి పియానో, వీణ పలకాలంటే ధ్వనులు విడిగా దించుకోవాలి. మీవారి కీబోర్డులోనే మంచి ధ్వనులుంటే ఆ బాధ లేదు, దాని శబ్దాన్నే నేరుగా రికార్డు చేసుకోవచ్చు, కానీ అందుకు రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (వాయిద్యం, మైకు శబ్దాన్ని లాప్‌టాప్‌కి చేర్చే చిన్న పెట్టె) ఒకటి కావాలి. దాన్ని ఇప్పుడే కొనకండి. ముందు గొంతు, తంబూరలతో చేయి తిరగనివ్వండి.

ఎఫ్‌ఎల్ స్టూడియో బీట్లు కట్టేవాళ్లకి చాలా బాగుంటుంది, అప్‌డేట్లు జీవితాంతం ఉచితం కూడా. కానీ అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో ఆడియో రికార్డింగే లేదు! గాయకులకి అది దేనికి? రికార్డింగ్ ఉన్న ఎడిషన్ మీ ఆరు వేలలో రాదు. ట్రయల్ వెర్షన్‌లో చేసిన ప్రాజెక్టు సేవ్ అవుతుంది కానీ, కొనేదాకా మళ్లీ తెరుచుకోదు, అది తెలియక టెన్షన్ పడేవాళ్లని చాలామందిని చూశాను.

తీగ_మీటు:

నేను మాత్రం ఆడాసిటీతో మొదలుపెట్టమంటాను. పూర్తిగా ఉచితం, ఎర్ర బటన్ నొక్కితే రికార్డు, ఆపితే పాడిన శబ్దం అల గీతగా కనిపిస్తుంది, కావలసినచోట కత్తిరిస్తాం. రీపర్ మెనూలు తెరిస్తే అవి కిందిదాకా సాగుతూనే ఉంటాయి, కొత్తవాళ్లు అక్కడే బెదిరిపోతారు. 3.2 వెర్షన్ నుంచి ఆడాసిటీలో కూడా పాట నడుస్తుండగానే ఎఫెక్టులు మార్చుకోవచ్చు, అంతకుముందు ఒకసారి ఎఫెక్టు వేస్తే అది అలలోనే కలిసిపోయేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు కాబట్టి గాత్రం, తంబూర రెండే ట్రాకులున్న పాటకి అది ధారాళంగా సరిపోతుంది.

పైగా ఫ్యాను మోత తీసేయడానికి అందులో ఉన్న నాయిస్ రిడక్షన్ చాలా సులువు. పాడకముందు ఐదారు సెకన్లు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసి, ఆ ముక్కని నమూనాగా చూపిస్తే మిగతా పాటంతా ఆ మోత తగ్గిస్తుంది. మోతాదు మించితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది, కొద్దిగానే వాడాలి. అసలు పాడేంతసేపూ ఫ్యాను ఆపేస్తే అంతకంటే మేలు, రాజమండ్రి ఎండల్లో కష్టమే అనుకోండి, పల్లవికి ఒకసారి, చరణానికి ఒకసారి ఆపుకోవచ్చు.

మిశ్రచాపు:

తీగ_మీటు గారూ, ఒక్క ట్రాకు, రెండు ట్రాకులు అయితే మీతో నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆవిడకి వయొలిన్ ఫైలు వస్తుంది, కీబోర్డు కలుస్తుంది, పల్లవి నాలుగుసార్లు పాడి అందులో మంచి సంగతులు ఏరుకోవాలనుకుంటారు. రీపర్‌లో ఒకే చోట మళ్లీ మళ్లీ పాడితే అన్నీ ఒకదాని కింద ఒకటి ఉండిపోతాయి, మొదటి సంగతి రెండోసారి పాడిన దాంట్లోంచి, మూడో సంగతి నాలుగోసారి పాడిన దాంట్లోంచి తీసుకుని అతికించుకోవచ్చు. పాడిన ప్రతిదీ విడి ఫైలుగా ఫోల్డర్‌లో పడుతుంది కాబట్టి ఏదీ పోదు. కరెంటు పోయినా అప్పటిదాకా పాడింది చాలావరకు డిస్కు మీద ఉంటుంది. మెనూల భయం పోవాలంటే మొదటి వారం నాలుగే నాలుగు నేర్చుకుంటే చాలు: కొత్త ట్రాకుకి కంట్రోల్ టీ, రికార్డుకి కంట్రోల్ ఆర్, ముక్క కోయడానికి ఎస్, సేవ్ చేయడానికి కంట్రోల్ ఎస్.

గోదారి_గాత్రం:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రీపర్ దించుకున్నాను, ట్రాకు వచ్చింది, గొంతు కూడా రికార్డయింది. కానీ రెండు ఇబ్బందులు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తంబూర వింటూ పాడితే నా గొంతు నాకు ఆలస్యంగా వినిపిస్తోంది, తాళం తప్పిపోతోంది. రెండోది, నేను నాలుగున్నర శ్రుతికి తంబూర పెట్టుకుంటాను, కీబోర్డుతో కలిపితే సన్నగా అపశ్రుతి వస్తోంది. శ్రుతి సరిచేసే ఎఫెక్టు ఏదో ఉందట కదా, అది వేస్తే పోతుందా?

ఘటం_గణపతి:

మేడమ్ గారూ, బ్లూటూత్ తీసేయండి, రికార్డింగ్‌కి అది అస్సలు పనికిరాదు. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు, చెవిని పూర్తిగా మూసేవి, మీ మైకుకే ఉన్న రంధ్రంలో పెట్టండి. అప్పుడు మీ గొంతు లాప్‌టాప్‌లోకి వెళ్లి తిరిగి రాదు, మైకు దగ్గరే చెవికి అందుతుంది. రీపర్‌లో ఆ ట్రాకుకి మానిటరింగ్ (పాడుతుండగానే గొంతుని తిరిగి వినిపించడం) ఆపేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. చెవి మూసే హెడ్‌ఫోన్లే ఎందుకంటే, తెరిచి ఉన్నవైతే తంబూర బయటికి వచ్చి మీ గొంతు ట్రాకులోకి దూరిపోతుంది, మళ్లీ మొదటికే వస్తాం.

తంబూర సంగతి. నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. కీబోర్డు మామూలుగా 'ఏ' స్వరం 440 హెర్ట్జ్ ఉండేలా కట్టి ఉంటుంది. మీ తంబూర ఆప్‌లో శ్రుతిని సెంట్లలో (అర మెట్టులో నూరో వంతు ఒక సెంటు) సన్నగా జరిపే మీట ఎప్పుడో కాస్త కదిలి ఉంటుంది, చాలామందికి జరిగేది ఇదే. దాన్ని సున్నా మీదకి తెచ్చి చూడండి. లేదా కీబోర్డులో ట్యూనింగ్ అనే సెట్టింగ్‌తో మీవారు దాన్నే తంబూరకి కలుపుకోవచ్చు. ముందు ఇది సరిచేసుకుని తర్వాతే పాడండి, పాడేశాక సరిచేద్దామంటే కుదరదు.

శ్రుతి దిద్దే ఎఫెక్టు గురించి ఒక్కటే మాట, కీర్తన మీద వేయకండి. మీకు తెలియనిది కాదు, తోడిలో గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు, రిషభ మధ్యమాల మధ్య ఊగుతుంది, ఆ ఊపే గాంధారం. ఈ ఎఫెక్టుని ఆటోమేటిక్‌లో పెడితే ఆ ఊపునంతా తప్పు అనుకుని దగ్గర్లో ఉన్న మెట్టు మీదకి లాగి పడేస్తుంది. రీపర్‌తో వచ్చే రీట్యూన్ అయినా, వేలు పోసి కొన్నదైనా ఆటోమేటిక్‌లో చేసే పని అదే. గమకాలు ముఖ్యమన్నారు కదా, పాట ఎక్కడైనా శ్రుతి తప్పితే ఆ ముక్క మళ్లీ పాడటమే దారి. లలిత గీతంలో ఒక్క నిలకడ స్వరం కొద్దిగా జారితే చేత్తో దిద్దుకోవచ్చు, అది వేరు.

మెట్రోనోమ్ (తాళం దెబ్బలు వినిపించే సాధనం) కూడా అడుగుతారనుకుంటాను, మృదంగం లేదు కాబట్టి. ఆది తాళానికి మామూలు 4/4 (బారుకి నాలుగు దెబ్బలు) సరిపోతుంది, రెండు బార్లు ఒక ఆవర్తనం అనుకోండి. మిశ్ర చాపుకి 7/8 పెట్టి, మెట్రోనోమ్ సెట్టింగుల్లో ఒకటి, నాలుగు, ఆరో దెబ్బలు గట్టిగా పలికేలా చేసుకుంటే తకిట తక తక చక్కగా వినిపిస్తుంది. ఆలాపన, విరుత్తం దగ్గర దాన్ని ఆపేయండి.

ఎడిసన్_రాగం:

న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో మ్యాక్ ఉంది, గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా వచ్చింది, మా అమ్మాయి దాంట్లోనే రికార్డు చేసి విజయవాడలో ఉన్న వాళ్ల గురువుగారికి పంపుతుంది. అది విండోస్‌లో రాదు కాబట్టి మీకు పనికిరాదు, కానీ మీ స్నేహితురాలికి ఐఫోనో మ్యాకో ఉంటే తను దాన్ని వాడొచ్చు. ఇద్దరూ ఒకే సాఫ్ట్‌వేర్ వాడాల్సిన అవసరమే లేదు, మధ్యలో తిరిగేది ఆడియో ఫైలే.

విండోస్‌లో రీపర్ నచ్చకపోతే కేక్‌వాక్ సోనార్ చూడండి. ఒకప్పుడు ఖరీదైనది, గిబ్సన్ కంపెనీ 2017లో ఆపేస్తే 2018లో బ్యాండ్‌ల్యాబ్ తీసుకుని ఉచితంగా ఇచ్చింది. ఇప్పుడు సోనార్‌గా మారాక కూడా ఉచిత వెర్షన్ ఉంది, బ్యాండ్‌ల్యాబ్ ఖాతా తెరవాలి. రీపర్ కంటే బరువు, ఐ3 మీద ఎలా నడుస్తుందో ముందు వేసి చూసుకోవాలి.

గోదారి_గాత్రం:

ఘటం_గణపతి గారూ, మీరు చెప్పిందే, ఆప్‌లో మీట కదిలి ఉంది! సున్నా మీదకి తెచ్చాక కీబోర్డు అతుక్కుపోయింది. తీగ హెడ్‌ఫోన్లతో ఆలస్యం కూడా పోయింది. రీపర్‌తోనే ఉంటాను, నేర్చుకున్నాక లైసెన్సు కొంటాను. ఇక వయొలిన్ మిగిలింది. తను వాట్సాప్‌లో ఒక ముక్క పంపింది, పాట కింద పెడితే మొదట్లో కొంచెం వెనకబడుతోంది. ఇది ఎలా సరిచేయాలి?

మిశ్రచాపు:

ఎంపీ3 అయి ఉంటుందండీ. ఎంపీ3 చేసేటప్పుడు ఫైలు మొదట్లో కొద్దిగా ఖాళీ చేరుతుంది, అందుకే వెనకబడినట్టు ఉంటుంది. ఇకమీదట వేవ్ (కుదించని ఆడియో) ఫైలే పంపించుకోండి, వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు మారకుండా అలాగే వెళ్తుంది. 24 బిట్, 48,000 హెర్ట్జ్ మోనో అయితే నిమిషానికి 9 ఎంబీ కూడా ఉండదు, ఆరు నిమిషాల కీర్తన 50 ఎంబీ చిల్లర.

ముందు మీరు తంబూర, గొంతు, మెట్రోనోమ్ మూడూ కలిపిన గైడ్ ట్రాకు పంపండి. మొదట్లో ఒక ఆవర్తనం ఖాళీగా వదిలి, పాట ఎత్తుకునే ముందు గట్టిగా ఒక చప్పట్లు కొట్టండి. తను ఆ గైడు వింటూ, తన మొదటి స్వరం ఎక్కడున్నా సరే, గైడు సున్నా నుంచే రికార్డు చేయాలి, ఆ చప్పట్ల దగ్గర తనూ చప్పట్లు కొట్టాలి. వయొలిన్ పలికే భాగం మాత్రమే కోసి పంపవద్దని చెప్పండి, మొదటినుంచి చివరిదాకా మొత్తం ఫైలు కావాలి. అది వచ్చాక రీపర్‌లో సరిగ్గా సున్నా దగ్గర పెట్టి, పెద్దది చేసి చూస్తే రెండు చప్పట్లూ రెండు నిలువు గీతల్లా కనిపిస్తాయి. తేడా ఉంటే వయొలిన్‌ని ఆ మేరకు జరపండి, పాటంతా కలిసిపోతుంది.

పంపేముందు తన మైకు స్థాయి కూడా చూసుకోమనండి, మీటరు ఎంత పైకి లేచినా మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. తారస్థాయిలో కమాను గట్టిగా వేస్తే ఒక్కసారిగా పైకి పోతుంది, అలా పగిలిన శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

గోదారి_గాత్రం:

అర్థమైంది. ఈ శనివారం గైడు పంపుతాను, చప్పట్లు మావారితో కొట్టిస్తాను.