‘టెక్సస్ ఫ్లడ్’ సోలో: స్వరాలు దొరికాయి, టోన్ దొరకడం లేదు

నాగావళి_గిటార్ (రాయగడ):

అందరికీ నమస్కారం. చర్చిలో పాటలకు అకౌస్టిక్ గిటార్‌పై కార్డులు వాయిస్తూ నేర్చుకున్నవాణ్ణి. ఎలక్ట్రిక్ గిటార్ చేతికి వచ్చింది ఈ మధ్యనే. టెక్సస్‌కు చెందిన బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ వాయించిన ‘టెక్సస్ ఫ్లడ్’లోని సోలోను, పూర్తిగా కాకపోయినా కనీసం ఒక పన్నెండు బార్ల చుట్టునైనా, వినేవారు గుర్తుపట్టేలా వాయించాలని పట్టుదలగా ఉంది. నా దగ్గర ఉన్నవి స్ట్రాటోకాస్టర్ నమూనాలో చేసిన చవక గిటార్, దానిపై 0.009 సెట్టు తీగలు (అన్నిటికన్నా సన్న తీగ మందం, అంగుళాల్లో), పది వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్, ట్యూబ్ స్క్రీమర్ అనే ప్రసిద్ధ పెడల్‌కు నకలుగా వచ్చే ఒక ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని కాస్త గరుకుగా చేసే) పెడల్.

ట్యాబ్‌లో (ఏ తీగను ఏ ఫ్రెట్‌లో నొక్కాలో చూపే రాతలో) చూపినట్లు మూడో ఫ్రెట్ దగ్గర వాయిస్తే రికార్డింగ్‌తో శ్రుతి కలవడం లేదు. పెడల్‌లో డ్రైవ్ పూర్తిగా తిప్పితే కందిరీగ రొద తప్ప మరేమీ వినిపించడం లేదు, తగ్గిస్తే ప్రాణం లేని శబ్దం వస్తోంది. లిక్కులు (చిన్న చిన్న పదబంధాలు) విడివిడిగా వచ్చాయి గానీ, వరుసగా వాయించినప్పుడు స్కేలు సాధన చేస్తున్నట్లే ఉంటోంది తప్ప బ్లూస్‌లా ఉండటం లేదు. వీటికి తోడు, సాయంత్రం లైట్లు వేయగానే యాంప్‌లో హమ్ (గుయ్‌మనే శబ్దం) మొదలవుతోంది. ఇక్కడ ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు నాకు తెలిసి ఒకరిద్దరే, వారిదంతా మెటల్ దారి. కొత్త యాంప్ కొనే స్తోమత ఇప్పట్లో లేదు కాబట్టి ఉన్నవాటితో ఎంతవరకు వెళ్లవచ్చో అనుభవజ్ఞులు చెప్పగలరు.

బరంపురం_బ్లూస్:

నాగావళి గారూ, ముందు శ్రుతి సంగతి తేల్చుకుందాం. వాన్ తన గిటార్‌లోని ఆరు తీగలనూ మామూలు శ్రుతికన్నా అర మెట్టు (ఒక ఫ్రెట్ అంత) దించి, అంటే లావు తీగ ఈ బదులు ఈ ఫ్లాట్ పలికేలా పెట్టుకునేవారు. అందువల్ల ఆయన వేళ్లు జి బ్లూస్ ఆకారాలలో మూడో ఫ్రెట్ చుట్టూ కదులుతున్నా మన చెవికి చేరేది జి ఫ్లాట్. మీ ట్యాబ్‌లో తప్పు లేదు. మీరు రెండో ఫ్రెట్‌కు జరిగితే రికార్డింగ్‌తో స్వరాలు కలుస్తాయి గానీ తీగల బిగువు కలవదు. ఈ పాటలో బెండ్‌లు (తీగను పక్కకు నెట్టి స్వరం పెంచడం) ఎక్కువ కాబట్టి బిగువు ముఖ్యం. ఆరు తీగలనూ అర మెట్టు దించి మూడో ఫ్రెట్ దగ్గరే వాయించండి.

ఇక తీగలు. ఆయన సన్న తీగ 0.013 మందంతో ఉండేదన్నది ప్రసిద్ధమే. అది విని నేరుగా అదే సెట్టు తెప్పించుకునే ముందు ఒక లెక్క చూడండి. ఒకే శ్రుతిలో ఉన్న రెండు తీగల బిగువు వాటి మందాల వర్గాల నిష్పత్తిలో ఉంటుంది. 0.009 తీసి 0.013 వేస్తే బిగువు రెట్టింపును కాస్త దాటుతుంది. అర మెట్టు దించడంవల్ల అందులో సుమారు 11 శాతం తగ్గినా, ఇప్పుడు మీరు లాగుతున్న తీగకన్నా ఇంకా 1.86 రెట్లు బిగువుగానే ఉంటుంది. ఆయన వేలి కొనల చర్మం లేచిపోతే సూపర్ గ్లూతో అతికించుకుని వాయించేవారని చెబుతారు. అది మనం అనుకరించవలసిన విషయం కాదు. 0.011 సెట్టు వేసి అర మెట్టు దించితే, 0.010 తీగను మామూలు శ్రుతిలో వాయించినదానికన్నా బిగువు 8 శాతం మాత్రమే ఎక్కువ ఉంటుంది. మీ వేళ్లకు అక్కడ మొదలుపెట్టడం న్యాయం. తీగ బలంగా ఉంటే కుడిచేత్తో గట్టిగా కొట్టినా స్వరం పైకి జారిపోదు. ఈ సోలోలో వినిపించే ఆ బరువైన దెబ్బకు సగం కారణం అదే.

ఇప్పుడు డ్రైవ్. మీరు వింటున్న రికార్డింగ్‌లో మీరు ఊహిస్తున్నంత డిస్టార్షన్ (శబ్దం విరగడం) లేదు. 1982 నవంబరులో లాస్ ఏంజిలస్‌లో జాక్సన్ బ్రౌన్ స్టూడియోలో మూడు రోజుల్లో రికార్డు చేసి 1983 జూన్‌లో విడుదల చేసిన ఆల్బమ్ అది. టామీ షానన్ బేస్, క్రిస్ లేటన్ డ్రమ్స్, వాన్ గిటార్, అంతే. రెండో గిటార్ లేదు, కీబోర్డు లేదు. గిటార్ అంత పెద్దగా వినిపించడానికి ఆ ఖాళీ కూడా ఒక కారణం. ఆయన వాడినవి ఫెండర్ వైబ్రోవెర్బ్ యాంప్‌లు, స్టూడియోలో ఉన్న బ్రౌన్ గారి డంబుల్ యాంప్. అవి పెద్ద ట్యూబ్ యాంప్‌లు. ఎక్కువ వాల్యూమ్‌లో, క్లీన్‌కూ డ్రైవ్‌కూ సరిహద్దులో ఉన్నట్లు మోగుతాయి. వాటి ముందు ట్యూబ్ స్క్రీమర్‌ను డ్రైవ్ బాగా తగ్గించి, లెవెల్ బాగా పెంచి పెట్టడం ఆయన పద్ధతి. అక్కడ పెడల్ పని శబ్దాన్ని చెడగొట్టడం కాదు, యాంప్‌ను ముందుకు నెట్టడం.

ఆ పెడల్ లోపల మరొక సంగతి ఉంది. దాని క్లిప్పింగ్ దశ సుమారు 720 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న శబ్దాన్ని క్రమంగా తక్కువగా పెంచుతుంది కాబట్టి బేస్ బురదగా మారకుండా మధ్యస్థాయి ముందుకు వస్తుంది. ఫెండర్ యాంప్‌లలో సహజంగా ఆ మధ్యస్థాయి పల్లంగా ఉంటుంది. పెడల్ ఆ పల్లాన్ని పూడుస్తుంది. మీ ట్రాన్సిస్టర్ యాంప్‌లో మాత్రం ఈ నెట్టుడు పనిచేయదు. దాన్ని నెడితే అది గరుకుగా విరుగుతుంది. కాబట్టి మీరు యాంప్‌ను పూర్తిగా క్లీన్ చానెల్‌లో పెట్టి, విరుపు ఎంత కావాలో అంతా పెడల్ నుంచే తీసుకోవాలి: డ్రైవ్ గడియారంలో పది గంటల స్థానం దగ్గర, లెవెల్ పెడల్ ఆపినప్పటికన్నా కాస్త పైన, టోన్ మధ్యలో. గిటార్‌లో నెక్ పికప్ (తీగ కంపనాన్ని పట్టే భాగాల్లో మెడకు దగ్గరగా ఉన్నది). యాంప్‌లో ట్రెబుల్ తగ్గించండి. చిన్న స్పీకర్ ఎలాగూ దాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది.

ఆ తరువాత పెడల్ ఆపి, క్లీన్‌లోనే ఆ సోలో వాయించి చూడండి. క్లీన్‌లో ప్రాణం లేనిది పెడల్ వేస్తే రాదు. మీకు అసలు పని అక్కడే ఉందని నా అనుమానం.

పర్లాకిమిడి_వయొలిన్:

నాకు గిటార్ రాదు, అయినా ‘స్కేలు సాధనలా ఉంటోంది’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు రాగం బదులు స్వరాలు వాయించినప్పుడు నేను వారితో అనేది కూడా ఇదే. మీరు వాయిస్తున్న ఐదు స్వరాలు, జి, బి ఫ్లాట్, సి, డి, ఎఫ్, మనకు శుద్ధ ధన్యాసి స్వరస్థానాలే. జిని షడ్జమంగా తీసుకుంటే బి ఫ్లాట్ సాధారణ గాంధారం. అయితే బ్లూస్‌లో ఆ గాంధారం నిలకడగా ఉండదు. సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో తేలుతుంది. సన్న తీగపై ఆరో ఫ్రెట్‌లో పలికే ఆ స్వరాన్ని కొద్దిగా, అర మెట్టు కూడా చేరకుండా, పైకి నెట్టాలి.

దానికన్నా ముఖ్యమైనది, ఆ నెట్టుడు ఎప్పుడు చేయాలన్నది. జి కార్డు నడుస్తున్నప్పుడు దాని అసలు గాంధారం బి నేచురల్ కాబట్టి, మీ బి ఫ్లాట్ అటువైపు మొగ్గితే చెవికి హాయిగా ఉంటుంది. కార్డు సి సెవెన్‌కు మారగానే అదే బి ఫ్లాట్ ఆ కార్డులోని ఏడో స్వరమైపోతుంది. అక్కడ దాన్ని నెట్టకుండా నిటారుగా నిలపాలి. ఒకే ఫ్రెట్, ఒకే వేలు. ఐదో బార్‌లో కార్డు మారినప్పుడు చేతి నడత మారాలి. కింద నడుస్తున్న కార్డును వినకుండా వాయిస్తే ఎంత వేగంగా వాయించినా అది స్కేలే.

తాళం కూడా చూసుకోండి. ఇది పన్నెండు ఎనిమిదిలో నడిచే నెమ్మది బ్లూస్, అంటే నాలుగు దెబ్బలు, ఒక్కొక్క దెబ్బకు మూడేసి అక్షరాలు: తకిట తకిట తకిట తకిట. పాదంతో నాలుగు దెబ్బలు వేస్తూ నోటితో తకిట అనుకుంటూ రికార్డింగ్ వినండి. ఆయన ఒక మాట అన్నట్లుగా ఒక పదబంధం వాయించి, ఆగి, ఎక్కడ తిరిగి అందుకుంటున్నారో అప్పుడు తెలుస్తుంది. ఏ లిక్‌నైనా గొంతుతో పాడలేకపోతే దాన్ని వేళ్లతో వాయించే ప్రయత్నం అప్పుడే చేయవద్దు.

గుణుపురం_స్ట్రాట్:

పెద్దలు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, లావు తీగలకు అంత ప్రాధాన్యం ఇవ్వడం నాకు సమ్మతం కాదు. అదే టెక్సస్‌కు చెందిన జీజీ టాప్ బృందపు బిల్లీ గిబన్స్ 0.007 సెట్టుతో వాయిస్తారు. ఆయన టోన్ పల్చగా ఉందని ఎవరూ అనలేదు. నాగావళి గారు ఉన్న తీగలనే అర మెట్టు దించి, చేయి సున్నితంగా పెట్టి వాయించి చూడవచ్చు. వేళ్లు నొప్పి పుట్టి గిటార్ మూలన పెట్టేయడంకన్నా అది మేలు.

సాధనకు ఒక చిన్న సూచన. వాన్‌పై ఆల్బర్ట్ కింగ్ ప్రభావం చాలా ఉంది. కింగ్ ఎడమచేతి వాటం వ్యక్తి. తీగలు తలకిందులుగా ఉన్న గిటార్ వాయించేవారు కాబట్టి తీగను పైకి నెట్టడానికి బదులు కిందికి లాగేవారు, ఆ లాగుడు చాలా దూరం వెళ్లేది. మూడో ఫ్రెట్ చుట్టూ ఉన్న స్వరాల దగ్గరే ఉండిపోకుండా పైకి జరిగి, రెండో తీగ ఎనిమిదో ఫ్రెట్‌లోని జి, సన్న తీగ ఆరో ఫ్రెట్‌లోని బి ఫ్లాట్, ఎనిమిదో ఫ్రెట్‌లోని సి, ఈ మూడింటితోనే ఒక సాయంత్రం గడపండి. ఎనిమిదో ఫ్రెట్ సిని పూర్తి మెట్టు లాగి డికి చేర్చాలి. సరిగ్గా చేరిందో లేదో తెలియాలంటే ముందు అదే తీగపై పదో ఫ్రెట్ మీటి విని, తరువాత ఎనిమిది నుంచి లాగి సరిచూసుకోండి. లాగేటప్పుడు ఉంగరపు వేలికి వెనుక మరో రెండు వేళ్లు ఆసరాగా ఉండాలి, బొటనవేలు మెడ పైనుంచి పట్టు ఇవ్వాలి. బలం మణికట్టు తిప్పడంలోంచి రావాలి.

బల్లార్షా_వైరింగ్ (చంద్రపూర్ జిల్లా):

హమ్ విషయం నేను చెబుతాను, ఎందుకంటే మా వృత్తే కరెంటు పని. స్ట్రాటోకాస్టర్ సింగిల్ కాయిల్ పికప్ చుట్టుపక్కల ఉన్న 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని కూడా తీగ కంపనంతో పాటే పట్టుకుంటుంది. లైట్లు వేయగానే మొదలవుతోందంటే చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్‌నో, చవక ఎల్ఈడీ డ్రైవర్‌నో అనుమానించాలి. ఆ ఒక్క లైటు ఆపి చూడండి. తరువాత గిటార్ పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిరగండి. ఏదో ఒక దిశలో హమ్ బాగా తగ్గుతుంది, అటు తిరిగి కూర్చుని వాయించండి. మీ గిటార్‌లో మధ్య పికప్ తిరగేసి చుట్టినదైతే, స్విచ్ నెక్, మిడిల్ కలిసే స్థానంలో పెట్టినప్పుడు హమ్ దాదాపు పోతుంది. టోన్ వేరుగా ఉంటుంది గానీ, హమ్ పికప్ నుంచే వస్తోందని దానితో నిర్ధారణ అవుతుంది.

ఇంకొకటి ఉపేక్షించవద్దు. తీగ ముట్టుకుంటే హమ్ కొంత తగ్గడం మామూలే. కానీ ముట్టుకున్నప్పుడు చేతికి జివ్వుమన్నా, యాంప్ మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టి వాడుతున్నా, వెంటనే ఆపండి. ఇంటి ఎర్తింగ్ చూపించుకోకుండా మళ్లీ పెట్టవద్దు.

నాగావళి_గిటార్ (రాయగడ):

అందరికీ కృతజ్ఞతలు. అర మెట్టు దించగానే శ్రుతి సమస్య తీరిపోయింది. డ్రైవ్ పదింటి స్థానానికి తెచ్చాక ఆ రొద పోయింది, కానీ మొదట్లో ఏదో వెలితిగా ఉన్నట్లే అనిపించింది; నెక్ పికప్‌కు మారి, పిక్‌ను లావు అంచువైపు తిప్పి పట్టుకుని గట్టిగా కొట్టిన తరువాత అది కొంత నిండింది. సి సెవెన్ దగ్గర బి ఫ్లాట్‌ను నిటారుగా నిలపడం మాత్రం చేతికి పట్టుబడటం లేదు, అలవాటుగా వేలు పైకి పోతోంది. ట్యూబ్‌లైట్ ఆపగానే హమ్ సగానికి తగ్గింది; అడాప్టర్ వాడటం లేదు.

రెండు సందేహాలు మిగిలాయి. గుణుపురం గారి మాట కాదనను గానీ, 0.011 సెట్టు ఒకసారి వేసి చూడాలని ఉంది. గిటార్‌లో ఇంకేమైనా మార్చాలా? ఇక్కడ గిటార్ బాగుచేసేవారు లేరు, విశాఖపట్నం వెళ్లాలి. రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో సాధన చేయడానికి దారి ఉందా?

బరంపురం_బ్లూస్:

వేలు పైకి పోకుండా ఉండాలంటే బ్యాకింగ్ ట్రాక్‌లో ఐదు, ఆరు బార్లను మాత్రమే కత్తిరించి, తిరిగి తిరిగి వచ్చేలా పెట్టుకుని వాయించండి.

తీగలు లావైతే మూడు చోట్ల చూసుకోవాలి. వెనుక మూత తీస్తే స్ప్రింగులు కనిపిస్తాయి; కొత్త బిగువుకు బ్రిడ్జి ముందుకు లేస్తే, ఆ స్ప్రింగులను పట్టుకున్న పంజా మరలను రెండింటినీ సమంగా కొద్దికొద్దిగా బిగించండి, చాలకపోతే మరొక స్ప్రింగు వేయండి. మెడ వంపు మారితే ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి కడ్డీని) ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పకుండా సరిచేసి, ఒక రోజు ఆగి మళ్లీ చూడండి. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడులు మాత్రం ఇంట్లో అరగదీయవద్దు. తీగ గాడిలో ఇరుక్కుని, శ్రుతి చేసేటప్పుడు ‘టిక్’మని శబ్దం వస్తుంటే అప్పుడు గిటార్ తీసుకుని విశాఖ బండి ఎక్కండి, ఆ శబ్దం రాకపోతే ప్రయాణం అక్కర లేదు. ఇక్కడ గోపాలపురం సముద్రపు గాలికి నా తీగలు తొందరగా తుప్పు పడతాయి. మీకు ఆ బాధ తక్కువ గానీ, వాయించాక పొడి బట్టతో తుడవడం అలవాటు చేసుకోండి.

రాత్రికి, కంప్యూటర్, ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే న్యూరల్ యాంప్ మోడలర్ అనే, యాంప్‌ల శబ్దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఫెండర్ తరహా క్లీన్ యాంప్ క్యాప్చర్ (అసలు యాంప్ నడతను పట్టి ఉంచిన ఫైలు) ఒకటి, దానికి స్పీకర్ ఇంపల్స్ రెస్పాన్స్ (స్పీకర్ శబ్దాన్ని అనుకరించే ఫైలు) ఒకటి వేసి, ముందు మీ పెడల్‌నే ఉంచండి. ట్యూబ్ యాంప్ క్యాప్చర్ కాబట్టి, ఇక్కడ మాత్రం డ్రైవ్ తగ్గించి లెవెల్ పెంచే అసలు పద్ధతి పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టినప్పుడు గీరగీరమని శబ్దం వస్తే చార్జర్ తీసి బ్యాటరీపై వాయించండి.