ఎర్రబడ్డ ఐదు రూపాయల బిళ్ళ: మింట్ తప్పా, తర్వాత పట్టిన రంగా?

పైసలపెట్టె
₹ గుర్తున్న పసుపు ఐదు రూపాయల బిళ్ళ, సంవత్సరం అంకె కింద హైదరాబాద్ మింట్ (నాణేలు ముద్రించే చోటు) గుర్తు నక్షత్రం. రెండు వైపులా తోమిన రాగి చెంబులా ఎర్రగా ఉంది. తూకం 5.97 గ్రాములు, అయస్కాంతానికి అంటుకోదు. అమ్మకాల గ్రూపుల్లో ఇలాంటివాటిని ‘రాగి ఎర్రర్’ అంటున్నారు. నిజంగా రాగి బిళ్ళ మీద అచ్చు పడి ఉంటుందా?

కిలుము
పడదండీ. 2011 వరసలో అర్ధరూపాయి, రూపాయి, రెండు రూపాయలు స్టీలువి. ఐదు నికెల్ బ్రాస్, పది రెండు లోహాలది. వట్టి రాగి బిళ్ళ అచ్చు కిందికి ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా అదే కొలతలో రాగిదైతే 6.3 గ్రాముల దగ్గర తూగాలి. 6 గ్రాముల బిళ్ళ 5.97 తూగిందంటే కాస్త అరిగిందంతే.

నికెల్ బ్రాస్‌లో రాగి 75, జింకు 20, నికెల్ 5 శాతం. పులుపు తగిలితే పైపొరలో జింకు ముందు కరిగిపోతుంది, రాగి మిగులుతుంది. చింతపండుతో తోమినా, నిమ్మరసంలో నానబెట్టినా ఇదే తంతు. రాజమండ్రి వంతెన మీద రైల్లోంచి గోదాట్లో వేసిన చిల్లర మళ్ళీ బజారుకొస్తుంది, నీళ్ళలో బురదలో నానినవాటికీ రంగు మారుతుంది. భూతద్దంలో సింహాల ముక్కులు, 5 అంకె పైభాగం చూడండి. అక్కడ పసుపు తేలి పల్లంలో ఎరుపు ఉంటే పైన పట్టిందే.

అచ్చుపోత
రాగి బిళ్ళ కాదన్నంత వరకు ఒప్పుకుంటాను. ముక్కుల పరీక్ష మాత్రం తేల్చదు. ఖాళీ బిళ్ళల్ని అచ్చు వేసేముందు కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, తర్వాత ఆమ్లంలో కడుగుతారు. వేడి మితిమీరినా, కడగడం సరిగ్గా కాకపోయినా రంగు పొర అచ్చుకి ముందే పడుతుంది. అదీ మింట్ తప్పే. ఆ పొరా పల్చనిదే, వాడకంలో అదీ ముక్కుల దగ్గరే అరుగుతుంది. రంగు మారిన ప్రతిదాన్నీ చింతపండు ఖాతాలో వేస్తే అసలైనవి చేజారతాయి.

కిలుము
నిజమే, ఆ పరీక్ష వెనక్కి తీసుకుంటున్నాను. దానికి బదులు దెబ్బల్ని చూద్దాం. అచ్చు పడ్డాక సంచుల్లో ఒకదానికొకటి తగిలి చిన్న నొక్కులు పడతాయి. రంగు అచ్చుకి ముందుదైతే నొక్కు అడుగున పొర చిట్లి పసుపు కనబడాలి. అడుగు కూడా అంతే ఎర్రగా ఉంటే రంగు ఆ దెబ్బ తర్వాతే వచ్చింది. పసుపు నొక్కు వల్ల ఏదీ రుజువు కాదు, అది నిన్ననే పడి ఉండొచ్చు. అందుకని ఎర్ర నొక్కుల్నే వెతకాలి.

పైసలపెట్టె
పదిరెట్ల భూతద్దంలో చూశాను. అంచు దగ్గర మూడు నొక్కులు. రెండింటి అడుగున ఎరుపే, ఒకటి పసుపు.

అచ్చుపోత
అయితే ఇది తర్వాత వచ్చిన రంగే, నాకూ అభ్యంతరం లేదు. కానీ నొక్కులే లేని కొత్త బిళ్ళ దొరికితే ఈ పరీక్ష పనిచేయదు. అప్పుడు అదే సంచిలోంచి వచ్చిన మిగతావాటిని పక్కన పెట్టి చూడాల్సిందే.

కాటా
సాంద్రత కొలిచి రాగా ఇత్తడా తేలుద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. నీళ్ళ గ్లాసు కాటా మీద పెట్టి, సున్నా చేసి, బిళ్ళని దారంతో అడుగు తగలకుండా ముంచితే కాటా చూపేది బిళ్ళ పక్కకి తోసిన నీటి బరువు: ఈ నికెల్ బ్రాస్‌కి 0.70 గ్రాములు వస్తుంది, అదే బరువు రాగికి 0.67. తేడా 0.03 గ్రాములే. ఒక్క గాలి బుడగ అంటుకుంటే అంకె పెరిగి రాగి కాస్తా ఇత్తడిలా కనబడుతుంది. 0.01 గ్రాము చూపే కాటాతో దీన్ని నమ్మకండి. స్టీలుకి 0.78 వస్తుంది, అది మాత్రం తేలిపోతుంది.

తెల్లగా కనబడే ఐదు మీద కూడా తొందరపడొద్దు. 2007లో అలల గీతలతో వచ్చిన ఐదు మామూలుగానే స్టీలుది, 6 గ్రాములు, అయస్కాంతానికి అంటుకుంటుంది. ₹ గుర్తున్నది తెల్లగా ఉండి, అంటుకోక, 6 దగ్గరే తూగితే పైన పూత పూసినట్టే. అదే అంటుకుని, రూపాయి బిళ్ళలా 3.79 గ్రాములే తూగితే జాగ్రత్తగా దాచండి. రూపాయికి తీసిన 22 మిల్లీమీటర్ల బిళ్ళ 23 మిల్లీమీటర్ల ఐదు అచ్చులో పడి ఉండొచ్చు, అప్పుడు అంచు దగ్గరి అక్షరాలు సరిగ్గా పడవు.

కిలుము
ఏదైనా సరే, తోమొద్దు. అనుమానముంటే గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి అరగంట ఉంచండి. గోళ్ళరంగు తుడిచేది వద్దు, అందులో నూనె, సెంటు కలుస్తాయి. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి. జిగురు, వార్నిష్ లాంటివి వదిలిపోతాయి, లోహానికేమీ కాదు. ఫొటో పెట్టేటప్పుడు లైటు పక్కనుంచి పడాలి, అంచు కూడా కనబడాలి.