వచ్చే సీజన్ నాలుగు నాటకాలూ పేరున్నవేనా? ఒక్కటైనా కొత్తది వద్దా?

తెరవెనుక:
మన నాటక సమాజం వచ్చే సీజన్‌కి కమిటీ వేసిన జాబితా చూశాను. నాలుగూ అందరికీ తెలిసిన నాటకాలే. అందులో రెండు మనమే ఇంతకుముందు ఆడాం. మన సభ్యురాలు రాసిన కొత్త నాటకం చదివి "బాగుంది కానీ ఇంకా పండాలి" అని పక్కన పెట్టారట. నాకు నచ్చనిది ఇదే. ఆడకుండా నాటకం ఎలా పండుతుంది? 'కన్యాశుల్కం' మొదట వేదికెక్కింది 1892లో. అచ్చయింది 1897లో. మనం నెత్తిన పెట్టుకుంటున్న రూపం మాత్రం 1909 నాటిది. గురజాడ దాన్ని దాదాపు తిరగరాశారు. ఆ తొలి రూపాన్ని కూడా "ఇంకా పండాలి" అని ఎవరో ఒకరు ఆపేసి ఉంటే?

టికెట్ బల్ల:
మీ బాధ నిజమేనండీ, కానీ లెక్కలు చూసేది నేను. హాలు అద్దె, లైట్లు, సెట్టు ఖర్చు సభ్యత్వ రుసుముతో వెళ్లవు. పేరు తెలిసిన నాటకమైతే జనం ఇంటిల్లిపాదినీ తీసుకొస్తారు. మునుపు ఒకసారి కొత్త నాటకం వేశాం కదా. రెండో రాత్రి రెండు వరుసలే నిండాయి. మూడు నెలలు రిహార్సల్ చేసిన పిల్లలు ఖాళీ కుర్చీలకు డైలాగులు చెప్పారు. అందులో ఇద్దరు మళ్లీ ఇటు రాలేదు. డబ్బు పోవడం కంటే నాకు అదే ఎక్కువ బాధ.

ప్రాంప్టర్:
ఖర్చు అంటే ఒక మాట. పాత నాటకమంటే ఉచితమని చాలామంది అనుకుంటారు. రష్యన్ రచయిత చెహోవ్ 1904లో, నార్వే రచయిత ఇబ్సెన్ 1906లో పోయారు, కాపీరైటు గడువు ఎప్పుడో తీరింది కాబట్టి మూల నాటకాలకు ఇబ్బంది లేదు. కానీ అనువాదానికి హక్కు విడిగా ఉంటుంది. మన చేతిలో ఉన్న అనువాదం ఈమధ్య వచ్చినదైతే అనువాదకుల అనుమతి తీసుకోవాల్సిందే. జాబితాలో రెండు అనువాదాలున్నాయి. వాటికి అనుమతి సంగతి ఎవరైనా చూశారా? మన సభ్యురాలి నాటకానికైతే ఆవిడని అడిగితే చాలు.

ఆడిషన్‌కి వచ్చేదాన్ని:
పాత్రల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మన ఆడిషన్లకు ఆడవాళ్లమే ఎక్కువ వస్తాం. జాబితాలోని నాలుగు నాటకాల్లో చెప్పుకోదగ్గ స్త్రీ పాత్రలు లెక్కపెడితే ఐదు. కిందటి సీజన్‌లో నేను చేసింది తలుపు తీసి లోపలికి వెళ్లిపోయే పాత్ర, దానికి కూడా ముగ్గురం పోటీ. పక్కన పెట్టిన ఆ కొత్త స్క్రిప్టులో ఆడపాత్రలే ఆరు. మన దగ్గర ఎవరెవరున్నారో చూసుకుని రాసిన నాటకం అది. అలాంటిది మనకి బయట ఎక్కడ దొరుకుతుంది?

టికెట్ బల్ల:
ఈ లెక్క నేనెప్పుడూ వేయలేదమ్మా. ఒప్పుకుంటున్నాను.

మొదటి వరుస:
నేను నటుణ్ణి కాదు, ఏళ్ల తరబడి చూస్తున్న ప్రేక్షకుణ్ణి. పాతవే మళ్లీ వేస్తే విసుగేనని మీరు అనుకోకండి. తెలిసిన నాటకాన్ని కొత్త నటి ఎలా చేస్తుందో చూడటంలోనే నాకు సగం ఆనందం. తయారుకాని నాటకాన్ని ధైర్యం పేరుతో మా మీద రుద్దితే మాత్రం బాధేస్తుంది. మునుపటి కొత్త నాటకంలో రెండో అంకం అంతా ఉపన్యాసమే. ముందు ఎవరి చేతైనా చదివించి ఉంటే అక్కడ కత్తెర పడేది.

తెరవెనుక:
మొదటి వరుస గారు చెప్పింది సరైన మాట. అప్పుడు మన తప్పే. స్క్రిప్టు చేతికొచ్చిన వారానికే పాత్రలు పంచేశాం. ఈసారి ముందు కుర్చీల్లో కూర్చుని రెండుసార్లు గట్టిగా చదువుదాం, నాటకం రాసిన ఆవిడని పక్కనే కూర్చోబెట్టుకుని. డైలాగు నోరు తిరగకపోతే అక్కడే తెలిసిపోతుంది. ఒక పఠనానికి బయటివాళ్లని కూడా పిలుద్దాం. ఎక్కడ కదిలారో, ఎక్కడ వాచీ చూసుకున్నారో రాసుకుందాం.

ఇంకొకటి చెప్పాలి. అమెరికన్ నాటక రచయిత యూజీన్ ఓనీల్ నాటకం మొట్టమొదట ఆడింది పెద్ద థియేటర్ కాదు. 1916లో ప్రావిన్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో, రేవు మీద ఉన్న పాత కొట్టంలో ఒక ఔత్సాహిక బృందం ఆడింది. ఇరవై ఏళ్లకి, 1936లో, ఆయనకి నోబెల్ వచ్చింది. మనకి నోబెల్ రావాలని నేననడం లేదు. కొత్త రచయితకి మొదటి వేదిక ఇవ్వగలిగేది మనలాంటి బృందాలేనని అంటున్నాను. పెద్ద హాళ్లవాళ్లు పేరు చూసి తీసుకుంటారు, మనం మనిషిని చూసి తీసుకోవచ్చు.

టికెట్ బల్ల:
అయితే నా షరతులు వినండి. కొత్తది సీజన్‌లో మొదటి నాటకం కాకూడదు, మూడోది కావాలి. అప్పటికి మిగతావాటి డబ్బు కొంత చేతిలో ఉంటుంది. చిన్న హాల్లో, రెండే రాత్రులు. సెట్టు అంటే ఒక బల్ల, నాలుగు కుర్చీలు. సీజన్ టికెట్టు కొన్నవాళ్లకి అది కూడా కలిపే ఇద్దాం, విడిగా అమ్మితే ఎవరూ కొనరు.

ప్రాంప్టర్:
మూడోదంటే పరీక్షల కాలం. కుర్రాళ్లు రిహార్సల్‌కి రారు. రెండోది చేయండి.

టికెట్ బల్ల:
రెండోదైతే నాకు టెన్షనే. ముందు పఠనం జరగనివ్వండి, నేనూ వచ్చి వింటాను. తర్వాత చెబుతాను.