చెరువు ఆక్సిజన్ రీడింగులు క్లౌడ్‌కు పంపాలా, గట్టు మీద సైరన్ చాలా?

చెరువుగట్టు: భీమవరం దగ్గర మాకు వనామీ రొయ్యల చెరువులున్నాయి. వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు ఈఎస్‌పీ32కు డీవో ప్రోబ్ (నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను లీటరుకు మిల్లీగ్రాముల్లో కొలిచేది), నీటి వేడి కోసం డీఎస్18బీ20 సెన్సర్ తగిలించాం. రీడింగులు థింగ్‌స్పీక్ అనే క్లౌడ్ సైటుకు పంపి ఫోన్‌లో చూద్దామని మా అబ్బాయి పట్టు. నాకు నెట్ మీద నమ్మకం లేదు. వాడినవాళ్లు చెప్పండి.

నోడ్‌కుర్రాడు: పంపండి అండీ, ఆలోచించక్కర్లేదు. ఉచిత ఖాతాలో ఒక ఛానెల్‌కు 8 ఫీల్డులు, 15 సెకన్లకో రీడింగు తీసుకుంటుంది. చెరువుకు 5 నిమిషాలకొకటి పంపినా సరిపోతుంది. రాత్రి నాచుకు వెలుతురు ఉండదు, ఆక్సిజన్ తయారవదు, వాడకం మాత్రం ఆగదు. అందుకే తెల్లారేముందు డీవో అన్నిటికంటే కిందికి దిగుతుంది. వారం గ్రాఫ్ చూస్తే ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఏ వేళకు వేయాలో తెలిసిపోతుంది. ప్రోబ్ వైరు బోర్డులో వోల్టేజీ చదివే పిన్నుల్లో ఏడీసీ1 పిన్నుకే ఇవ్వండి, వైఫై నడిచేటప్పుడు ఏడీసీ2 చదవదు. డీఎస్18బీ20 డేటా వైరుకు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి.

ఉప్పుటేరు: తెల్లారేముందే మా ఊళ్లో కరెంటు పోతుంది. ఏరియేటర్లు ఆగుతాయి, రౌటరూ ఆగుతుంది. నిరుడు ఒక కంపెనీ పెట్టిన పరికరం ఫోన్‌లో రాత్రంతా 5.2 చూపించింది. అది కరెంటు పోకముందు వచ్చిన ఆఖరి రీడింగు. పొద్దున వెళ్లేసరికి రొయ్యలు తేలి ఉన్నాయి. నాకు గ్రాఫులు చెప్పకండి.

పాతమోటారు: సిమ్ మాడ్యూల్ పెడితే మెసేజ్ వస్తుందిగా?

నోడ్‌కుర్రాడు: సిమ్800ఎల్ 2జీ మాడ్యూల్. జియో సిమ్ వేస్తే పనిచేయదు, చూసి కొనండి.

ఉప్పుటేరు గారూ, అది ప్రోగ్రాం రాసినవాళ్ల తప్పు. పాత రీడింగును కొత్తదిలా చూపించకూడదు. పరికరాలు మెసేజ్‌లు పంపుకునే ఎంక్యూటీటీ పద్ధతిలో లాస్ట్ విల్ అని ఉంది, బోర్డు కనెక్షన్ తెగిన కాసేపటికి 'ఆఫ్‌లైన్' అని బ్రోకరే (మధ్యలోని సర్వరే) చెబుతుంది. బోర్డుకు బ్యాటరీ పెట్టి, నెట్ లేనంతసేపు రీడింగులు బోర్డు ఫ్లాష్ మెమరీలో దాచి, వచ్చాక టైముతో సహా పంపొచ్చు.

ప్రోబ్‌సంగతి: ఇంతమందిలో ఒక్కరూ ప్రోబ్ కడిగే మాట ఎత్తలేదు. ప్రోబ్ కొనమీది పొరకు పాచి పట్టిందంటే క్లౌడ్‌కు పంపినా, కాగితం మీద రాసుకున్నా ఆ అంకె తప్పే. పొర, లోపలి ద్రావణం మారుస్తూ ఉండాలి, గాలిలో పెట్టి కాలిబ్రేట్ చేస్తూ (అంకె సరిచూసి దిద్దుతూ) ఉండాలి.

ఉప్పుటేరు: వచ్చాక పంపితే చచ్చిన రొయ్యలు లేస్తాయా? అయినా ఆ క్లౌడ్ ఎన్నాళ్లుంటుంది? ఇలాంటి పరికరాల కోసమే ఉన్న గూగుల్ ఐఓటీ కోర్‌ను 2023 ఆగస్టు 16న మూసేశారు. ఇలాంటిదే బ్లింక్, దాని పాత సర్వర్లు 2022 చివరితో ఆగాయి. మీకు పరికరాలు అమ్ముకోవాలి, అంతే.

నోడ్‌కుర్రాడు: నేనేమీ అమ్మను. మా నాన్నగారి చెరువుకు పెట్టుకున్నాను. కొత్తదేది చెప్పినా దొంగను చూసినట్టు చూస్తే ఎలా మాట్లాడాలి?

ప్రోబ్‌సంగతి: కాలిబ్రేషన్ సంగతి ఎవరూ జవాబివ్వలేదు.

ఉప్పుటేరు: సరే, అసలు మాట చెబుతా. ఆ కంపెనీ డ్యాష్‌బోర్డు పాస్‌వర్డు మా మేత డీలర్ దగ్గరా ఉంది. కరెంటు వచ్చాక అందులో పడిపోయిన అంకె అతని ద్వారా రొయ్యలు కొనేవాడికి తెలిసింది. మిగిలినవైనా దక్కించుకుందామని అత్యవసరంగా పట్టుబడి పెడితే (రొయ్యలు పట్టి అమ్మబోతే), నా అవసరం ముందే తెలిసినవాడు గట్టు మీదికొచ్చి కిలోకు ధర దించి అడిగాడు. నా చెరువు కష్టం నాకంటే ముందు వాడికెందుకు తెలియాలి?

నోడ్‌కుర్రాడు: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదండీ. ఛానెల్‌ను ప్రైవేటుగా ఉంచితే రీడ్ కీ (చూడటానికి ఇచ్చే రహస్య కోడ్) లేనివాళ్లకు కనిపించదు.

ఉప్పుటేరు: ఖాతా తెరిచేది పరికరం బిగించిన కుర్రాడు. కీ కూడా అతని దగ్గరే ఉంటుంది. రైతు చేతికి వచ్చేది ఫోన్‌లో బొమ్మ.

నోడ్‌కుర్రాడు: అందులో మీతో ఏకీభవిస్తాను. ఖాతా రైతు మెయిల్ మీదే తెరవాలి. కోడ్ కాపీ, కీలు ఆయనకివ్వాలి. బిగించినవాళ్లు వెళ్లాక కీలు మార్చేయాలి. సైరన్ మాత్రం బోర్డు నుంచే మోగాలి, నెట్‌తో పని లేకుండా. ఇన్నాళ్లూ గ్రాఫ్ కోసమే క్లౌడ్ అంటున్నాను.

ఉప్పుటేరు: సైరన్ గట్టు మీద ఉంటే గ్రాఫ్ మీ ఇష్టం. నేను మాత్రం పెట్టను.

చెరువుగట్టు: మా అబ్బాయికి చూపించాను. ఖాతా నా మెయిల్ మీదే తెరిచాడు. సైరన్‌కు వేరే 12 వోల్టుల బ్యాటరీ పెడుతున్నాం. డీవో 4 దగ్గర మోగించాలా, 3.5 దాకా ఆగాలా?

ప్రోబ్‌సంగతి: 4 దగ్గర. జనరేటర్ వేసి ఏరియేటర్లు తిప్పేలోపు ఇంకా పడుతుంది. ప్రోబ్ ఎప్పుడు కడిగారు?