అనువాదం చదివే విద్యార్థులకిచ్చే అవార్డులన్నీ కథలకీ కవితలకేనా?

చిత్తుప్రతి:
అనువాదంలో ఎంఏ రెండో సంవత్సరం. ఈ సెమిస్టర్‌లో ఖాళీ దొరికినప్పుడల్లా స్కాలర్‌షిప్పులు వెతుకుతున్నాను, వెతికేకొద్దీ ఒళ్ళు మండుతోంది. నాకు కనపడినవాటిలో పేరున్నవన్నీ సాహిత్యానికే. స్టీఫెన్ స్పెండర్ ప్రైజ్ కవితలకి. 2010లో మొదలైన హార్విల్ సెకర్ యువ అనువాదకుల బహుమతి కూడా కథకే ఇస్తూ వచ్చారు. మా క్లాసులో సగం మందిమి రేపు మందుల కాగితాలో, కాంట్రాక్టులో, సబ్‌టైటిళ్ళో చేసుకుని బతకాల్సినవాళ్ళం. మరి మేం చదివేది అనువాదం కాదా? విద్యార్థుల కోసం తీసే డబ్బులో సగం సాహిత్యేతర అనువాదానికి విడిగా పెట్టాలని నా వాదన. కాదనేవాళ్ళు కాదనండి, వింటాను.

పాతనిఘంటువు:
కాదంటున్నాను. మందుల కాగితానికి కంపెనీ డబ్బిస్తుంది, కాంట్రాక్టుకి లాయరు ఇస్తాడు. కవిత అనువదించినవాడికి ఎవరిస్తారు? ఇంటర్నేషనల్ బుకర్‌లో 2016 నుంచి యాభై వేల పౌండ్లని రచయితకీ అనువాదకులకీ చెరిసగం పంచుతున్నారు నిజమే, కానీ అది ఏడాదికి ఒక్క పుస్తకానికి. దాన్ని చూసి ఇక్కడ డబ్బు పారుతోందనుకోకండి. మార్కెట్ పట్టించుకోని పనికే కదా అవార్డు ఉండాల్సింది.

చిత్తుప్రతి:
కంపెనీ డబ్బిచ్చేది ఉద్యోగం వచ్చాక అండీ. ఫీజు కట్టేటప్పుడు నాకూ కవిత్వం చేసే నా ఫ్రెండుకీ ఒకటే రసీదు వస్తోంది.

ఇంకో సంగతి. 'అందంగా ఉందా' అని చూసే కొలత మా పనికి పనికిరాదు. ఒక మందు కాగితంలో 'ఎంప్టీ స్టమక్' అని ఉంది. నేను మురిసిపోయి 'పరగడుపున' అని రాశాను. చక్కటి మాట, చదివినవాళ్ళందరూ బాగుందన్నారు. తీరా చూస్తే ఆ మందు రోజుకి మూడుసార్లు వేసుకోవాలి, భోజనానికి గంట ముందు, లేదా తిన్న రెండు గంటలకి. పరగడుపున అంటే పొద్దున్నే ఏమీ తినకముందు అనే కదా అర్థం చేసుకుంటారు? మధ్యాహ్నం, రాత్రి మాత్రల సంగతేంటి? చివరికి 'ఖాళీ కడుపుతో' అని చప్పగా రాసి, పక్కనే గంటల లెక్క ఇచ్చాను. కథల జడ్జీ అయితే నా మొదటి డ్రాఫ్ట్‌కే మార్కులేస్తాడు!

అడుగునోట్:
అసలు లేవన్నట్టు మాట్లాడకండి. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ తాలూకు ఫౌండేషన్ జేటీజీ పేరుతో సైన్స్, సాంకేతిక అనువాదానికే ఒక స్కాలర్‌షిప్ పెట్టింది. వాళ్ళ విద్యార్థి అవార్డుకి సాహిత్యమే పంపాలనేం లేదు, సాంకేతిక పాఠమైనా సరే. అచ్చయిన అనువాదాలు ఉన్నవాళ్ళు దానికి అనర్హులు, ఆ ఒక్క రూల్ నాకు బాగా నచ్చింది.

కీబోర్డ్‌కీచురాయి:
మందు కాగితాన్ని మెషిన్‌లో వేసి నాలుగు మాటలు దిద్ది పంపితే ఎవడు కనిపెడతాడు? అవార్డు ఎవరికిస్తున్నట్టు, సాఫ్ట్‌వేర్‌కా?

పాతనిఘంటువు:
కీచురాయి గారు నా పని తేలిక చేశారు 🙂

రెండోకన్ను:
కొన్నాళ్ళు ఒక యూనివర్సిటీలో విద్యార్థి అవార్డు కమిటీలో కూర్చున్నాను, అందుకని కొంచెం పెద్దగానే రాస్తున్నాను. మెషిన్ భయం కవితలకీ ఉంది, దాన్ని ఒక్క మందు కాగితం మీదికి నెట్టేస్తే ఎలా? యూరోపియన్ కమిషన్ బడిపిల్లల కోసం 2007 నుంచి నడిపే యువెనెస్ ట్రాన్స్‌లాటోరెస్‌లో అన్ని బడుల్లోనూ ఒకే సమయానికి కూర్చోబెట్టి రాయిస్తారు. పట్టుదల ఉంటే అలాంటి ఏర్పాటు ఎవరైనా చేయొచ్చు. అయితే యూనివర్సిటీ వాళ్ళని అలా కట్టేయడం నాకు నచ్చదు, ఉద్యోగంలో ఎలాగూ మెషిన్ ఇచ్చినదాన్ని దిద్దే పనే సగం ఉంటుంది కదా.

అసలు తలనొప్పి వేరు. సాంకేతిక శాంపిళ్ళు అయిదు వస్తే, అయిదూ తప్పుల్లేకుండా ఉంటే, అయిదూ ఒకేలా ఉంటాయి. ఏది గొప్పదో ఎలా చెప్తారు? పైగా ఇంటర్న్‌షిప్‌లో చేసిన మంచి పని క్లయింటుది, బయట చూపించడానికి లేదు. ఒక ఏడాది ఒకమ్మాయి ఏదో ల్యాబ్ యంత్రం వాడకం కాగితం పంపింది. అనువాదం మామూలుగానే ఉంది, అందరం పక్కన పెట్టేశాం. తర్వాత ఆవిడ జత చేసిన నోట్ చూశాను. మూలంలో నాలుగో మెట్టులో 'దీపం ఆరాక మూత తెరవండి' అని ఉంది, బొమ్మలో మాత్రం దీపం వెలుగుతుండగానే మూత తెరిచి ఉంది. ఈ రెండిట్లో ఏది నిజమో తేలేదాకా ఆ వాక్యం ఖాయం చేయలేనని రాసి, క్లయింటుని అడగాల్సిన ప్రశ్న కూడా రాసిపెట్టింది. మూలం రాసినవాడికే కనపడని తప్పు అది. నేను ఆవిడకే ఇవ్వాలన్నాను. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు, అవార్డు ఒక కవితకి వెళ్ళింది. కవిత బాగానే ఉంది, కాదనను. నాకు ఇప్పటికీ ఆ మూతే గుర్తొస్తుంది.

కాబట్టి సగం సగం కోటా నాకు వద్దు. ఏ రకం పాఠమైనా పంపండి, పక్కన వ్యాఖ్య తప్పనిసరి చేయండి, మార్కుల్లో ఎక్కువ భాగం దానికే పెట్టండి. స్పెండర్ ప్రైజ్‌లో కవితతో పాటు మూడు వందల మాటల్లోపు వ్యాఖ్య అడుగుతారు, అదే పద్ధతి మిగతా పాఠాలకీ తేవచ్చు.

కీబోర్డ్‌కీచురాయి:
వ్యాఖ్య కూడా మెషిన్ రాస్తుంది మేడమ్.

రెండోకన్ను:
రాయనివ్వండి. చివరికి మిగిలిన ముగ్గుర్నీ పిలిచి పది నిమిషాలు ఆ వ్యాఖ్య మీదే ప్రశ్నలడగండి, తేలిపోతుంది.

అడుగునోట్:
కోటా గొడవలో పడి డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్నది ఎవరూ అడగట్లేదు. పని పూర్తయ్యాక ఇచ్చే బహుమతి, పూర్తిచేసే స్తోమత ఉన్నవాడికే దక్కుతుంది. మైకేల్ హెన్రీ హైమ్ అనే అనువాదకుడు, ఆయన భార్య కలిసి 2003లో పెన్ అనే రచయితల సంస్థకి ఏడు లక్షల డాలర్లకి పైగా ఇచ్చారు, అదీ పేరు బయటపెట్టొద్దని చెప్పి. 2012లో ఆయన పోయాకే దాత ఎవరో అందరికీ తెలిసింది. ఆ నిధి ఇంకా పూర్తికాని అనువాదాలకి ఇస్తారు. అది విద్యార్థులకనే పెట్టింది కాదు, సాహిత్యానికే, ఆ లెక్కన పాతనిఘంటువు గారి పక్షమే. కానీ ఇచ్చే సమయం సరైనది.

చిత్తుప్రతి:
సరే, కోటా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వ్యాఖ్య మార్కులూ, ముందే కొంత డబ్బూ, ఈ రెండూ ఉంటే నాకు చాలు. ఆ మందు కాగితాన్నే ఒక చోటికి పంపుదామనుకుంటున్నా, కానీ వ్యాఖ్య తొమ్మిది వందల మాటలైంది, టెన్షన్‌గా ఉంది. ఏం తీసేయాలి?

పాతనిఘంటువు:
కవితలకి డబ్బు తగ్గించడానికి నేను ఇప్పటికీ ఒప్పుకోను. వ్యాఖ్య మాత్రం పంపండి, చూస్తాను. పరగడుపున పేరా ముట్టుకోకండి, పైన రాసినట్టే ఉండనివ్వండి. అనువాద సిద్ధాంతాల మీద మొదట్లో రెండు పేజీలు రాసి ఉంటారు చూడండి, ముందు అవి కొట్టేయండి.

చిత్తుప్రతి:
రెండున్నర పేజీలండీ. ఎలా తెలిసింది?