అమ్మ పట్టుచీరతో పాపకు లంగా జాకెట్టు కుట్టాలి, కత్తెర పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

కొత్తగా కుడుతున్న అమ్మ, విజయవాడ:

అందరికీ నమస్కారం. మా పాపకు ఆరేళ్లు. ఈ సంక్రాంతికి దాని లంగా జాకెట్టు నేనే కుట్టాలని గట్టిగా అనుకున్నాను. బట్ట కొత్తది కాదు, మా అమ్మ పట్టుచీర. ముదురాకుపచ్చ చీరకి ఎర్రంచు, నా చిన్నప్పుడు ఏ పెళ్లికి వెళ్లినా అమ్మ అదే కట్టేది. అమ్మ పోయి రెండేళ్లయింది, చీర బీరువాలో అలాగే ఉంది. కట్టుకుందామని తీస్తే మడతల దగ్గర అక్కడక్కడా చిట్లింది, ఇంకో రెండేళ్లు అలాగే ఉంచితే ఎవరికీ పనికి రాకుండా పోతుందని భయంగా ఉంది. అక్కని అడిగితే పాపకే కుట్టెయ్ అంది.

పోయినేడు ఇలాగే పెద్దమ్మ ఇచ్చిన చీర ఒక టైలరుకి ఇచ్చాం. ఆయన జాకెట్టు ఒంటికి సరిగ్గా పట్టేసేలా కుట్టి, లోపల పావంగుళం బట్ట కూడా వదల్లేదు, పాప ఒక్క పండక్కి వేసుకుంది అంతే. ఈసారి ఎవరికీ ఇవ్వాలనిపించడం లేదు.

నాకు వచ్చింది చాలా తక్కువ. దిండు గలీబులు, లోపలి లంగాలు, పాపకి రెండు కాటన్ ఫ్రాకులు కుట్టాను. మిషను కూడా అమ్మదే, నల్లది, కాలితో తొక్కేది. అది ఈమధ్య పైన కుట్టు బాగానే వేస్తోంది కానీ బట్ట తిప్పి చూస్తే కింద దారం గుట్టలు గుట్టలుగా పడుతోంది. బాబిన్ మార్చాను, బాబిన్ కేసు మర కూడా బిగించాను, మారలేదు.

పాప కొలతలు: ఛాతీ 24 అంగుళాలు, నడుము 22, నడుము నుంచి చీలమండ దాకా 27. చీర పన్నా, అంటే వెడల్పు, 45. ఎక్కడ కోయాలి, ఎంత బట్ట వదలాలి, పెరిగే పిల్ల కదా కనీసం మూడేళ్లు వేసుకునేలా కుట్టడం ఎలా? కత్తెర చేతిలోకి తీసుకుంటే చాలు టెన్షన్ వచ్చేస్తోంది.

గుడివాడ అత్తమ్మ:

తల్లీ, ముందు ఆ కత్తెర పక్కన పెట్టు. చీర మొత్తం విప్పి పగటిపూట కిటికీ దగ్గర వెలుతురుకి ఎదురుగా పట్టుకుని గజం గజం చూడు. చిట్లిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టుకో. ఆ తర్వాత బాగున్న చోట కూడా రెండు బొటనవేళ్లతో మెల్లగా అటూ ఇటూ లాగు. చిర్రుమంటే ఆ భాగం వద్దు, పట్టు లోపల చచ్చిపోయినట్టే. మామూలుగా లోపల దోపుకునే చెంగు వైపు బట్ట గట్టిగా ఉంటుంది, దానికి ఎండా వెలుతురూ తక్కువ తగులుతాయి కదా. కింది అంచుకి ఫాల్ ఉంటే విప్పి చూడు, నేలకి రాసుకుని జరీ లేచిపోయి ఉంటే పై అంచుని లంగా కిందికి పెట్టుకో, ఏమీ తప్పు లేదు. మా పెద్దమ్మాయికి అలాగే కుట్టాను.

ఇప్పుడు లెక్క. లంగా పొడవు చీర పన్నాలో వస్తుంది, చుట్టు చీర పొడవులో వస్తుంది. పొడవు 27 కావాలి. దీనికి లోపల రెండు మడతలు కలుపు. ఒక్కో మడతకి 2 అంగుళాల బట్ట పోతుంది, అంటే 4. నడుం పట్టీకి కుట్టడానికి అరంగుళం. మొత్తం 31న్నర. కింద అంచు ఉంది కాబట్టి కింద మడిచి కుట్టే పని లేదు. 45లో 31న్నర పోతే పైన 13న్నర అంగుళాల పొడుగు ముక్క, రెండో అంచుతో సహా నీకు మిగులుతుంది. జాకెట్టు చేతుల అంచులు అందులోంచే వచ్చేస్తాయి, కొంగు ముట్టుకోనక్కర్లేదు.

చుట్టుకి 74 అంగుళాలు తీసుకో. రెండు పక్కలా కుట్టుకి ఒక్కో అంగుళం పోతే 72. ప్రతి 3 అంగుళాలకీ ఒక గుర్తు పెట్టి కుచ్చిళ్లు పెడితే, ఒక్కో కుచ్చి పైకి ఒక అంగుళం కనిపిస్తుంది, రెండు అంగుళాలు లోపలికి పోతుంది. 24 కుచ్చిళ్లు, 24 అంగుళాల నడుము. పాప నడుము 22 కాబట్టి నాడా బిగిస్తే సరిపోతుంది, రేపు లావైనా సరిపోతుంది. ఇంకా ఎక్కువ చుట్టు పెడితే బాగా విచ్చుకుంటుందని కొందరు రెండున్నర మీటర్లు పెడతారు. పాత పట్టుకి అది వద్దు. నడుం దగ్గర కుచ్చి మీద కుచ్చి ఎక్కి, లైనింగుతో కలిపి అట్టలా తయారవుతుంది, సూది దిగదు, పిల్ల కూర్చోలేదు.

ఆ రెండు మడతల సంగతి. అంచుకి కాస్త పైన, తప్పు వైపు, అంటే బట్ట లోపలికి పోయే వైపు, 2 అంగుళాల ఎడంతో అడ్డంగా రెండు గీతలు గీసి ఆ రెండింటినీ కలిపి కుట్టు. లోపల అంగుళం లోతు మడత నిలుస్తుంది, పైకి సన్న గీత తప్ప ఏమీ కనపడదు. దాని పైన ఇంకొకటి. ఈ కుట్టు మాత్రం పెద్ద కుట్టు పెట్టి వెయ్యి, ఏడాదికో ఏడాదిన్నరకో ఒకటి విప్పుకోవాలి కదా. నా చిన్నప్పుడు మా అమ్మ దీపావళి ముందు అరుగు మీద కూర్చుని బ్లేడుతో మా లంగాల మడతలు విప్పేది. విప్పినచోట రంగు కొత్తగా, నిగనిగలాడుతూ ఒక పట్టీలా ఉండేది, ఆ పట్టీ చూసి ఈ ఏడు ఎంత పెరిగామో మేం చెప్పుకునేవాళ్లం. లైనింగుకి కూడా అవే మడతలు పెట్టు, లేకపోతే పట్టు కిందికి దిగి లైనింగు పైనే ఉండిపోతుంది.

లైనింగు తెల్ల కాటన్ తీసుకో, ఎర్రది ఆకుపచ్చది వద్దు, రంగు పట్టుకి దిగితే ఇక ఏం చేయలేం. కుట్టే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలువు. కొత్త కాటన్ మొదటి తడికే ముడుచుకుంటుంది, పట్టు అంత ముడుచుకోదు, అప్పుడు లంగా మొత్తం ఉబ్బెత్తుగా నిలబడుతుంది.

జాకెట్టు కొలత నీకు వచ్చిన ఫ్రాకు మీదే తీసుకో. ఛాతీ 24కి మూడంగుళాలు వదులు కలిపి 27 పెట్టు, పక్క కుట్లలో రెండు వైపులా అంగుళంన్నర లోపల వదిలెయ్. చేతుల కింద కూడా అలాగే. మెడ మొదట చిన్నగా కోయి. చిన్న మెడని పెద్దది చేయొచ్చు, పెద్ద మెడని చిన్నది చేయలేం. వెనక హుక్స్ పట్టీ నడుం దాకా ఉండాలి, ఆరేళ్ల పిల్ల తల చుట్టుకొలతే దాదాపు 20 అంగుళాలు ఉంటుంది, హడావిడిలో లాగితే పాత బట్ట చంకలో పోతుంది.

ముందు మాత్రం పాత దుప్పటి ముక్కతో జాకెట్టు ఒకటి కుట్టి పాపకి వేసి చూడు. చేతులెత్తమను, వంగమను, ఒంగి చెప్పు వేసుకోమను. ఎక్కడ పట్టిందో అక్కడ గీత పెట్టుకుని, అప్పుడు పట్టు కోయి.

టైలరు కొడుకుని, వరంగల్:

అక్కా, అత్తమ్మ కొలతలన్నీ చెప్పేశారు, నేను మిషను గురించి చెప్తాను. మా నాయన నలభై ఏళ్లు ఇదే పని చేశాడు, నేను బడి నుంచి వచ్చి కాజాలు కుట్టేవాణ్ని.

కింద గుట్టలు పడుతున్నాయంటే అందరూ బాబిన్నే తప్పు పడతారు. తొంభై పాళ్లు తప్పు పైదారానిది. పైదారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్యలో అది కూర్చోకపోతే వదులుగా వచ్చి కిందకి మొత్తం దిగిపోతుంది. మీరు దారం ఎక్కించేటప్పుడు మిషను పాదం, అదే బట్టని నొక్కి పట్టేది, దించి ఉంచారేమో చూడండి. పాదం పైకెత్తితేనే ఆ బిళ్లలు తెరుచుకుంటాయి, అప్పుడు దారం లోపలికి జారుతుంది. తర్వాత పైకీ కిందికీ ఆడే కొక్కెం ఉంటుంది కదా, దాని రంధ్రంలోంచి దారం వచ్చిందో లేదో చూసుకోండి, అది తప్పినా ఇదే గుట్ట. ఆ రెండూ సరిగా ఉంటే బిళ్లల మధ్య దూది పోగు చిక్కిందేమో, పాత కాటన్ గుడ్డ అంచుతో తుడవండి. మీరు బిగించిన బాబిన్ కేసు మర మళ్లీ పావు చుట్టు వదులు చేయండి, బిగుసుకుంటే పట్టు మీద ముడతలు లాగుతుంది.

మొదలుపెట్టేటప్పుడు పైదారం, కిందిదారం రెండూ వెనక్కి పట్టుకుని నాలుగు కుట్లు పడేదాకా వదలకండి. చక్రం వెనక్కి తిరిగితే దారం తెగుతుంది, అందుకని మొదటి తొక్కు కాలితో కాకుండా చేత్తో చక్రం తిప్పి వెయ్యండి.

సూది మార్చాలి. ఇళ్లల్లో మామూలుగా 14 నంబరు ఉంటుంది, పట్టుకి 11 కొనండి, కొత్తది. మొద్దుబారిన సూది పోగుని కోయకుండా లాగుతుంది, కుట్టు పక్కన సన్న గీత పొడుగునా కనిపిస్తుంది, అది పోదు. పట్టు మీద సూది బొక్క కూడా పోదు, అందుకని కచ్చా కుట్టు, గుండుసూదులు అన్నీ లోపలికి పోయే భాగంలోనే పెట్టుకోండి. జరీ ఉన్న చోట నెమ్మదిగా తొక్కాలి.

నూనె మిషను నూనే వెయ్యండి. కొబ్బరినూనె వేసి తెచ్చే మిషన్లు మా నాయన దగ్గరికి చాలా వచ్చేవి, లోపల జిగురులా గట్టిపడి చక్రమే తిరిగేది కాదు. నూనె వేశాక పాతగుడ్డ మీద పది నిమిషాలు కుట్టండి, లేకపోతే మొదటి చుక్క అమ్మ చీర మీదే పడుతుంది.

చిట్లిన చోటు తప్పకపోతే, ఇస్త్రీ పెడితే అతుక్కునే పల్చటి క్యాన్వాస్ దొరుకుతుంది. మీ వన్‌టౌన్‌లో టైలరింగ్ సామాన్ల కొట్లలో అడగండి. తప్పు వైపు అతికించండి, ఇస్త్రీ తక్కువ వేడి, మధ్యలో కాటన్ గుడ్డ. జరీ మీద నేరుగా వేడి ఇస్త్రీ పెట్టొద్దు, నల్లబడుతుంది.

చీర దాచుకున్నది, రాజమండ్రి:

మీ ఇష్టాన్ని కాదనను కానీ నాకు మనసొప్పడం లేదు. మా అమ్మ చీర నేను కోయలేదు, మూడు నెలలకోసారి మడత మార్చి పాత పంచెలో చుట్టి పెడతాను, తీసినప్పుడల్లా అమ్మ వాసన వస్తుంది. కోస్తే మాత్రం కొంగు ఒక్కటి ముట్టుకోకండి. అంత పొడుగూ అలాగే ఉంచండి.

డాలస్ అమ్మ:

ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు, పిల్ల ఒంటికి తగిలేది. జాకెట్టు చేతుల అంచు లోపలివైపు, మెడ పట్టీ దగ్గర జరీ పోగు తెగి బయటికి పొడుచుకొస్తుంది. పెద్దవాళ్లం సర్దుకుంటాం, పిల్లలు గంటలో విప్పేస్తామని ఏడుస్తారు. మా అమ్మాయికి మొదటిసారి కుట్టినప్పుడు గుళ్లో ఉండగానే చంకలు ఎర్రగా గీరుకుపోయాయి, నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచి లోపలి కుట్లన్నీ మెత్తటి కాటన్ క్రాస్ పట్టీతో, అంటే ఐమూలగా కోసిన పట్టీతో, మూసేస్తున్నాను, జరీ అంచు వెనక కూడా లైనింగు పూర్తిగా దించుతాను. వేసే ముందు నా చెంపకి ఆనించి చూసుకుంటాను, గుచ్చుకుంటే అక్కడ మళ్లీ కుడతాను.

ఇక్కడ అమెరికాలో బట్టలు, కుట్టు సామాన్లు అమ్మే జోయాన్ దుకాణాలన్నీ 2025లో మూతపడ్డాయి, లైనింగు, హుక్స్ లాంటివి ఇప్పుడు ఇండియా వెళ్లినప్పుడే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తెచ్చుకుంటున్నాను. మీకు పక్కనే అన్నీ దొరుకుతాయి, చీర రంగు ముక్క పట్టుకెళ్లి దారం పక్కన పెట్టి పగటి వెలుతురులో చూసి కొనండి.

మిగిలిన ముక్కలు చిన్నవైనా పారేయకండి. 4 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు ముక్కని గొట్టంలా కుట్టి, లోపల 7 అంగుళాల ఎలాస్టిక్ వేస్తే జడకి పట్టు బ్యాండ్ వస్తుంది. అంచు ముక్కతో తాళ్లు లాగే చిన్న సంచి కుట్టండి, పండగ రోజు పిల్లలకి డబ్బులిస్తారుగా, చేతికి తగిలించుకుని తిరుగుతుంది.

కొత్తగా కుడుతున్న అమ్మ, విజయవాడ:

అందరికీ చాలా చాలా థాంక్స్. వారం తర్వాత రాస్తున్నాను.

తమ్ముడూ, పాదం సంగతే. నేను మొదటి నుంచీ పాదం దించే దారం ఎక్కిస్తున్నాను. పైకెత్తి ఎక్కించగానే గుట్టలు పోయాయి, బాబిన్ మర కూడా వదులు చేశాను. బిళ్లల మధ్య నుంచి ఒక నీలం దారం పోగు వచ్చింది. నేను నీలం దారం ఎప్పుడూ వాడలేదు, అది అమ్మ ఎప్పుడో కుట్టినప్పటిది. దాన్ని పారేయలేకపోయాను, డ్రాయర్‌లో గుండీల డబ్బాలో పెట్టాను.

రాజమండ్రి అండీ, మీరు చెప్పినట్టే కొంగు కోయలేదు. నేను కూడా రెండు రోజులు ఆలోచించాను. కానీ చీర దాచుకుంటే నేనొక్కదాన్నే చూసుకుంటాను, పాప అమ్మమ్మని సరిగా చూడను కూడా లేదు, దాని ఒంటి మీద ఉంటే ఇది అమ్మమ్మది అని అదే అందరికీ చెప్తుంది. కొంగు పాత పంచెలో చుట్టి పెట్టాను.

అత్తమ్మా, దుప్పటి ముక్క జాకెట్టు కుట్టి చూడటం ఎంత మంచిదైందో. చేతులెత్తమంటే చంక పట్టేసింది, అరంగుళం కిందికి దించాను. లంగా అయిపోయింది, రెండు మడతలూ పెట్టాను. 24 కుచ్చిళ్లు అనుకుంటే నాకు 23 వచ్చాయి, ఎక్కడో ఒక గుర్తు తప్పింది, విప్పితే బొక్కలు పడతాయని అలాగే వదిలేశాను, నడుము సరిపోయింది. నిన్న రాత్రి వేసి చూశాం. గిరగిరా తిరిగి కూర్చుంది, లంగా చుట్టూ పరుచుకుంటే ఎర్రంచు మీద చెయ్యి పెట్టుకుని ఎంతసేపటికీ లేవలేదు.

జాకెట్టుకి హుక్స్ కుట్టడం ఒక్కటే మిగిలింది. ఒక్క సందేహం, హుక్కుకి ఎదురుగా ఇనుప కొండీ పెట్టాలా, దారంతో కొండీ అల్లాలా?

గుడివాడ అత్తమ్మ:

దారంతోనే అల్లు తల్లీ. ఇనుపది పాత పట్టుని కోసేస్తుంది, చెమటకి తుప్పు మరక కూడా పడుతుంది. దారం నాలుగు పేటలు తీసుకుని, కాజా కుట్టినట్టే ముడి ముడికీ బిగిస్తూ పో. పట్టీ లోపల ఆ క్యాన్వాస్ సన్న ముక్క ఒకటి పెట్టడం మర్చిపోకు. 23 అయితే ఏం, బాగుంది. పండగ రోజు దీపాల దగ్గరికి వెళ్లేటప్పుడు లంగా కొంచెం పైకెత్తి పట్టుకోమని చెప్పు.