ఫీల్డ్ టెక్నీషియన్లకు ఖర్చుల కార్డులు: ప్రీపెయిడా, క్రెడిటా?

వరంగల్ అకౌంట్స్:
నమస్కారం అండీ. మాది వరంగల్‌లో ఏసీలు, కోల్డ్‌రూమ్‌లు సర్వీసు చేసే కంపెనీ. ఎనిమిది మంది టెక్నీషియన్లు కరీంనగర్, ఖమ్మం, అప్పుడప్పుడు విజయవాడ తిరుగుతుంటారు. పెట్రోలు, లాడ్జి, భోజనం, కెపాసిటర్లు, గ్యాసు అన్నీ చేతి అడ్వాన్సు మీదే. లెక్క అప్పజెప్పేసరికి నెల దాటుతోంది. కార్పొరేట్ క్రెడిట్ కార్డు కావాలంటే ఎఫ్‌డీ పెట్టమంటున్నారు, అంత డబ్బు కట్టేసుకోలేం. అకౌంట్స్‌లో ఒక్కరే, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌గా ఉన్నది టాలీ ఒక్కటే. ఎక్కడ మొదలుపెట్టాలి?

పద్దు పుస్తకం:
మీకు ప్రీపెయిడ్ కార్డే సరి. పోయినా కార్డులో ఉన్నంతే పోతుంది. కానీ కార్డు ఇచ్చినంత మాత్రాన బిల్లులు రావండీ, వాటిని రప్పించేది టాప్-అప్ నియమం: బిల్లులు అందినంతే మళ్లీ కార్డులో వేయడం.

ముందు ఎక్కువ తిరిగే ముగ్గురికే ఇచ్చి రెండు నెలలు నడపండి. పాత వోచర్లు తీసి ఒక్కొక్కరి వారం ఖర్చు చూడండి. సగటున 3,000 అయితే కార్డులో 4,000 వేయండి. శనివారం సాయంత్రానికి 2,600కి బిల్లులు అందితే సోమవారం టాప్-అప్ 2,600 మాత్రమే. ముగ్గురికీ కలిపి మీ డబ్బు ఆగేది 12,000.

కార్డు ఇచ్చిన రోజే పాత అడ్వాన్సు తేల్చి ఆపేయండి. రెండూ నడిస్తే ఒకే బిల్లు రెండుచోట్లా లెక్కకొస్తుంది. కేవైసీలో మొబైల్ నంబరు ఎవరిది వాళ్లదే ఇవ్వండి. ఆఫీసు నంబరు ఇస్తే ప్రతి ఓటీపీకీ మీకు ఫోనే.

ఇన్‌పుట్ క్రెడిట్:
స్వైప్ చీటీ బిల్లు కాదని ముందే అందరికీ చెప్పండి. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) రావాలంటే మీ కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ఉన్న ట్యాక్స్ ఇన్వాయిస్ కావాలి, అది జీఎస్టీఆర్-2బీలో (అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే నెలవారీ పట్టిక) కనబడాలి. నంబరు అచ్చువేసిన చీటీ కార్డు కవరులోనే పెట్టండి. కౌంటర్ దగ్గర నోటితో చెబితే ఆ 15 అక్షరాల్లో ఏదో ఒకటి తప్పు పడుతుంది.

అయితే అన్ని బిల్లుల మీదా ఇంత పట్టుదల అక్కర్లేదు. పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోనే లేవు. భోజనం మీద క్రెడిట్ రాదు. విజయవాడ లాడ్జి వేసేది ఆంధ్రా ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర జీఎస్టీ), మీ రిజిస్ట్రేషన్ తెలంగాణలోనే ఉంటే అది మీకు పనికిరాదు. ఆదాయపు పన్ను లెక్కకు మాత్రం ఆ బిల్లు కంపెనీ పేరు మీదే ఉండాలి. మీ పట్టంతా విడిభాగాలు, రిఫ్రిజిరెంట్ గ్యాసు బిల్లుల మీద పెట్టండి.

బంకుల్లో ఇచ్చే థర్మల్ కాగితం తొందరగా వెలిసిపోతుంది. అక్కడికక్కడే ఫొటో తీసి పంపించమనండి.

వరంగల్ అకౌంట్స్:
చాలా థాంక్స్ అండీ. చిన్న షాపుల్లో క్యూఆర్ తప్ప స్వైప్ మిషన్ ఉండదు. ఏటీఎంలో తీసుకోనివ్వచ్చా? టాలీలో ఎలా రాయాలి?

నెలాఖరు:
ఏటీఎం వద్దు, మళ్లీ నగదు లెక్కల్లోనే పడతారు. పైగా ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు (సరుకు రవాణా వాళ్లకైతే 35,000). కార్డుతో తీసినా నగదు నగదే. కార్డు ఎంచుకునే ముందే యూపీఐతో క్యూఆర్ స్కాన్ అవుతుందా అని అడగండి. పూర్తి కేవైసీ ఉన్న ప్రీపెయిడ్ ఖాతాలను వేరే యూపీఐ యాప్‌లలో వాడుకోవడానికి రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో అనుమతించింది, కానీ ప్రతి కార్డుకూ ఆ వీలుండదు. లేకుంటే మనిషికి 500 చిల్లర విడిగా ఇవ్వండి.

టాలీలో ఒక్కో కార్డుకు ఒక్కో లెడ్జరు, 'బ్యాంక్ అకౌంట్స్' కింద. టాప్-అప్‌కు కాంట్రా ఎంట్రీ, అంటే మీ ఖాతాల మధ్యే డబ్బు మారినట్టు రాసే పద్దు. అది ఖర్చు కాదు. తప్పు జరిగేది ఇక్కడే: టాప్-అప్‌ను ప్రయాణ ఖర్చులో రాసేసి, బిల్లు వచ్చాక మళ్లీ రాస్తారు. నెలాఖరున స్టేట్‌మెంట్‌కూ లెడ్జరుకూ నిల్వ కలవకపోతే ముందు లాడ్జివాళ్లు పట్టి ఉంచిన మొత్తాలు, రద్దయిన బుకింగుల రీఫండ్లు చూడండి. రీఫండ్ అదే కార్డులో పడుతుంది. అందుకే ఎవరైనా మానేస్తే ముందు కార్డు బ్లాక్ చేసి, రావాల్సినవి వచ్చాకే మూసేయండి.

పద్దు పుస్తకం:
బిల్లు పోతే ఏం చేయాలో కూడా కార్డు ఇచ్చేటప్పుడే రాసి సంతకం తీసుకోండి. 300 లోపు అయితే సంతకం చేసిన వోచర్ చాలు, ఆపైన అయితే అతని పేరు మీద అడ్వాన్సుగా చూపించండి. రాతపూర్వక సమ్మతి లేకుండా జీతంలోంచి మాత్రం పట్టుకోకండి.